ఒంటబట్టడం అంటే?

సంపాదకులకు,

అయ్యా,

‘అసిమిలేషన్’ అనే మాటను మన పాఠ్యపుస్తకాలు జీవశాస్త్రంలో స్వాంగీకరణం అంటాయి, మనోవిజ్ఞానంలో సాంశీకరణం అంటాయి, భాషాశాస్త్రంలో వర్ణసమీకరణం అంటాయి. టెట్, డీఎస్సీ రాసేవాళ్లు వీటిని సంబంధం లేని మూడు పదాలుగా బట్టీ పడుతున్నారు. మన ఇళ్లల్లో దీనికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది: ఒంటబట్టడం. తిండైనా ఒంటబట్టాలి, చదువైనా ఒంటబట్టాలి. మీ విద్యా పేజీలో ఈ మాట గురించి వేసే పాఠాన్ని అక్కణ్ణుంచి మొదలుపెట్టాలని మా విన్నపం.

ఎక్కువమంది తడబడేది శోషణం, స్వాంగీకరణం దగ్గర. జీర్ణమైన ఆహారం పేగు గోడ దాటి రక్తంలో చేరితే శోషణం. కణం దాన్ని తన పదార్థంగా మార్చుకుంటేనే స్వాంగీకరణం. మధుమేహంలో మొదటిది సవ్యంగానే జరుగుతుంది, గ్లూకోజు మాత్రం రక్తంలోనే నిలిచిపోతుంది. పైరులోనూ ఇంతే. వేరు పీల్చిన నైట్రేటును మొక్క నైట్రైటుగా, తర్వాత అమ్మోనియాగా, ఆపైన అమైనో ఆమ్లాలుగా మార్చుకోవాలి. బెట్టకు గురైన జొన్నలో ఆ పని మందగించి నైట్రేటు కాండం అడుగుభాగంలో పేరుకుంటుంది. ఆ పచ్చిమేత తిన్న పశువు కడుపులో అది నైట్రైటుగా మారి రక్తంలో కలిస్తే, రక్తం ఆక్సిజన్ మోయలేక చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. అందుకే బెట్టకు గురైన జొన్నను వాన పడినా వెంటనే కోసి పశువులకు వేయకూడదు. పీల్చుకున్నదల్లా ఒంటబట్టినట్టు కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

భాషలో ఒక ధ్వని పక్కధ్వనిని తనలా మార్చుకుంటుంది. ఏది దేన్ని మార్చిందన్నదే చూడాలి. సత్ + జనుడు సజ్జనుడైనప్పుడు తర్వాత వచ్చే జకారం తన ముందున్న తకారాన్ని మార్చింది. అగ్ని అగ్గి అయినప్పుడు ముందున్న గకారమే నిలిచింది. ‘కత్తి’ అనే ఒక్క మాటలోనే రెండు దిక్కులూ కనిపిస్తాయి. ‘కత్తులు’లో ‘లు’లోని ఉకారం ఇకారాన్ని ఉకారం చేసింది. ‘కత్తికి’లో ఆ ఇకారమే ‘కు’ను ‘కి’ చేసింది. ‘చెట్టుకు’లో ముందు ఇకారం లేదు కాబట్టి ఆ అవసరం రాలేదు.

కుక్కను మాత్రమే ఎరిగిన రెండేళ్ల పిల్ల దూడను చూసి ‘భౌభౌ’ అంటే, మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జీన్ పియాజే లెక్కలో అది సాంశీకరణం: కొత్తదాన్ని పాత గడిలో వేయడం. దూడకు వేరే గడి కట్టుకుంటే అనుగుణ్యం. ‘కాలులు’ అనే పిల్ల కూడా చేస్తున్నది సాంశీకరణమే. నియమం ఒంటబట్టింది, మినహాయింపు ఇంకా రాలేదు. గద్దించనక్కర్లేదు, ‘అవును, కాళ్లు’ అని తిరిగి అంటే చాలు.

సంస్కృతి దగ్గర మాత్రం పత్రికలు మరింత జాగ్రత్తపడాలి. ‘అక్కడివాళ్లలో కలిసిపోయారు’ అని రాస్తే ఏది కలిసిందో తెలియదు. భాషా వేషమూ మారడం వేరు, స్నేహాల్లో, పెళ్లిళ్లలో చోటు దొరకడం వేరు అని సమాజశాస్త్రజ్ఞుడు మిల్టన్ గోర్డన్ 1964లోనే విడమరిచారు. మొదటిది పూర్తయినా రెండోది జరగకపోవచ్చు. మారిషస్‌ తెలుగువాళ్ల ఇళ్లల్లో ఇప్పుడు ఎక్కువగా వినబడేది క్రియోల్, ఉగాది మాత్రం అక్కడ ప్రభుత్వ సెలవు. అమెరికాలో 1879లో పెట్టిన కార్లైల్ బడిలోనేమో ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. దాన్నీ అసిమిలేషన్ అనే అన్నారు. ఈ రెంటికీ ఒకే మాట వాడొద్దు. మారిషస్‌లో జరిగిందాన్ని, ఏది కలిసిందో చెబుతూ, కలిసిపోవడం అనండి, కార్లైల్‌లో జరిగిందాన్ని బలవంతంగా మార్చడం అని రాయండి.

ఇట్లు,
ఇద్దరు ఉపాధ్యాయులు (జీవశాస్త్రం, తెలుగు), గుంటూరు