మూగబోయిన ప్లేయరు చెడిపోయినట్టు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంట్లోని కంప్యూటరులోనో హార్డ్ డిస్కులోనో దాచుకున్న పాటలను వైఫై ద్వారా అందుకుని స్పీకర్లలో వినిపించే నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్లు మా పర్లాకిమిడి వంటి సరిహద్దు పట్టణాలకు కూడా వచ్చాయి. దూరాన ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు పండక్కి వచ్చినప్పుడు వాటిని తెచ్చి, బిగించి, పాడించి చూపించి వెళతారు. కొంతకాలం చక్కగా పాడిన ఆ ప్లేయరు ఒకనాడు ఉన్నట్టుండి మూగబోతే, ఇంట్లో మిగిలిన పెద్దవారు అది చెడిపోయిందనుకుని గుడ్డ కప్పి మూలన పెడతారు, లేదా పాత సామాన్లు కొనేవారికి ఇచ్చేస్తారు. నేను చూసినంతలో ఇలా మూలన పడిన వాటిలో ఎక్కువ వాటికి ఏ లోపమూ లేదు. లోపం పాట నడిచి వచ్చే దారిలో ఉంటుంది. ఈ సంగతి మీ పాఠకులకు చెప్పాలనే ఈ లేఖ రాస్తున్నాను.

ఇది కేవలం కాలక్షేపానికి సంబంధించిన విషయమని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పటి నుంచి మా ఊరు అందులో భాగం. ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం పక్కనే ఉన్నా, మా పిల్లలు బడిలో చదివేది, కచేరీలో అర్జీ పెట్టుకునేది ఒడియాలోనే. ఇంట్లో తెలుగు నిలిచి ఉండటానికి చదవడం కన్నా వినడమే ఎక్కువగా తోడ్పడిందని నా నమ్మకం. హరికథలు, పౌరాణిక నాటకాల పద్యాలు, అమ్మమ్మలు పాడిన పెళ్లిపాటలు పాత క్యాసెట్లలో ఉండేవి. శ్రద్ధ ఉన్నవాళ్లు వాటిని కంప్యూటరులోకి ఎక్కించి దాచుకున్నారు. నెలనెలా డబ్బు కట్టి ఫోనులో వినే ఏ సేవలోనూ అమ్మమ్మ గొంతు దొరకదు. అందుకే ఇంట్లోని ప్లేయరు పనిచేయడం మాకు ముఖ్యం.

పాట కంప్యూటరులోని సర్వరు (పాటలను అందించే సాఫ్ట్‌వేరు) నుంచి రూటరుకు, రూటరు నుంచి ప్లేయరుకు చేరుతుంది. నీరందని పొలాన్ని చూసి నేలను తప్పుపట్టకుండా కాలువ గట్టు వెంట నడిచి గండి ఎక్కడ పడిందో వెతికినట్టే ఇక్కడా వెతకాలి. ముందుగా గుర్తుంచుకోవలసింది, ఇంట్లో దాచుకున్న పాట వినడానికి ఇంటర్నెట్ అవసరం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన సంగతి అందరికీ తెలిసిందే. అటువంటి సమయాల్లో బయటి ఫైబరు తీగ తెగిపోయినా, కరెంటు ఉండి రూటరు వెలుగుతున్నంత కాలం ఇంటిలోని పాట ఇంటిలో వినిపించాలి. అలా వినిపించడం లేదంటే తప్పు ఇంటి లోపలే ఉందని అర్థం.

మొదట ప్లేయరు సెట్టింగులలో దాని ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్కులో ఆ పరికరాన్ని గుర్తించే అంకెల వరుస, చూడాలి. అది 169.254 అనే అంకెలతో మొదలైతే ప్లేయరుకు రూటరు నుంచి చిరునామా అందలేదని, ఏదీ అందక తనకు తానే ఒకటి పెట్టుకుందని తెలుసుకోవాలి. మా ప్రాంతంలో దీనికి తరచుగా కనిపించే కారణం రూటరు మార్పు. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ మనిషి వచ్చి పాత పెట్టె తీసి కొత్తది పెట్టి, ఫోనులో ఒక వీడియో ఆడించి చూపి వెళ్లిపోతాడు. పాత ప్లేయర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తప్ప 5 గిగాహెర్ట్జ్ అందదు; డబ్ల్యూపీఏ2 అనే పాత వైఫై రక్షణ పద్ధతి తెలుసు కానీ కొత్తదైన డబ్ల్యూపీఏ3 తెలియదు. కొత్త పెట్టెలో డబ్ల్యూపీఏ3 మాత్రమే ఉంచితే ఆ ప్లేయరు ఎప్పటికీ కలవదు, పైగా కొన్ని ప్లేయర్లు పాస్‌వర్డ్ తప్పని చూపిస్తాయి కనుక ఇంటివాళ్లు సరైన పాస్‌వర్డునే మళ్లీ మళ్లీ కొడుతూ విసిగిపోతారు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి వేరే పేరు పెట్టి, రక్షణను డబ్ల్యూపీఏ2కు గానీ, రెండూ కలిసిన పద్ధతికి గానీ మారిస్తే ఈ చిక్కు తీరుతుంది.

చిరునామా సరిగ్గానే ఉండి, ప్లేయరుకు పాటల సర్వరు కనిపించకపోవడం రెండో రకం. దీనికి సులువైన పరీక్ష ఒకటుంది. చాలామంది వాడే లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే సాఫ్ట్‌వేరు తన పేజీని 9000 పోర్టులో (పోర్టు అంటే కంప్యూటరులోకి వెళ్లే అంకె వేసిన ద్వారం లాంటిది) చూపిస్తుంది. అదే వైఫైలో ఉన్న ఫోను బ్రౌజరులో కంప్యూటరు చిరునామా, దాని పక్కన ఒకదానిపై ఒకటి ఉండే రెండు చుక్కల గుర్తు (:), 9000 కొట్టి చూడాలి. ఫోనులో ఆ పేజీ తెరుచుకుంటే సర్వరు బాగానే ఉన్నట్టు. ఇక ప్లేయరు వైపు చూడాలి. కంప్యూటరులో తెరుచుకుని ఫోనులో తెరుచుకోకపోతే కంప్యూటరుకు కాపలా కాసే విండోస్ ఫైర్‌వాల్ అడ్డుపడుతూ ఉండవచ్చు. ఇంటి వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్‌గా గుర్తించినప్పుడు విండోస్ బయటి పలకరింపులను ఎక్కువగా అడ్డగిస్తుంది; దానిని ప్రైవేటుగా మార్చి, సర్వరుకు అనుమతి ఇవ్వాలి. లాజిటెక్ సంస్థ అమ్మిన స్క్వీజ్‌బాక్స్ జాతి ప్లేయర్లు సర్వరును వెతుక్కునేది 3483 పోర్టులో కనుక దానికీ అనుమతి ఉండాలి. ప్లేయరును గెస్ట్ వైఫైలో కలిపినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అక్కడ చేరిన పరికరాలు ఒకదానికొకటి కనపడకుండా రూటరే ఆపుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టేది రెండు రూటర్ల ఇల్లు. సంస్థ ఇచ్చిన ఫైబరు పెట్టె వీధి గదిలో ఉంటుంది, పెరటి వైపు సిగ్నలు అందడం లేదని ఇంకో రూటరు కొని తగిలిస్తారు. ఒకటి 192.168.1 వరుసలోను, రెండోది 192.168.0 వరుసలోను చిరునామాలు పంచుతుంటే ఒకే ఇంట్లో రెండు వేరు నెట్‌వర్కులు ఏర్పడతాయి. రెండింటిలోనూ ఇంటర్నెట్ వస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. ప్లేయరు వేసే కేక మాత్రం ఈ గడప దాటి ఆ వైపున్న కంప్యూటరుకు వినపడదు. రెండో రూటరును వైఫై సిగ్నలు మాత్రమే అందించే యాక్సెస్ పాయింట్ పద్ధతిలోకి మార్చి, చిరునామాలు పంచే పనిని ఒక్క పెట్టెకే వదిలితే చాలు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సర్వరు కనపడకుండా పోతుంటే, రూటరులో ఆ కంప్యూటరుకు స్థిరమైన చిరునామా కేటాయించాలి. రూటరు పూర్తిగా లేచాకే ప్లేయరు స్విచ్ వేయాలి.

పాట మధ్యలో ఆగి ఆగి వస్తుంటే అది సిగ్నలు బలహీనత. సీడీ నాణ్యత గల శబ్దానికి సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి, నాణ్యత తగ్గకుండా కుదించిన ఫ్లాక్ ఫైలుకు అంతకన్నా తక్కువ, ఎంపీ3కి ఎక్కువలో ఎక్కువ 320. ఎంపీ3 సాఫీగా పాడి ఫ్లాక్ తడబడితే దారి ఇరుకైందని తేలిపోతుంది. గోడకు గోడ ఆనుకుని ఉన్న మా వీధుల్లో పక్కింటి వైఫైలు కలగలిసి ఉంటాయి; 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే. ఖాళీగా ఉన్నది ఎంచుకోవాలి, వీలైతే తీగే లాగాలి. నూరు మీటర్ల వరకు ఈథర్‌నెట్ తీగ నిశ్చింతగా పనిచేస్తుంది.

తెలుగు పేర్లున్న పాటల విషయం కూడా చెప్పాలి. పాత పరికరాల తెరలలో తెలుగు అక్షరాల ఫాంటు లేకపోతే పేర్ల స్థానంలో ఖాళీ గళ్లు కనిపిస్తాయి. అదే జాబితా ఫోను బ్రౌజరులో సరిగ్గా కనిపిస్తే ఫైళ్లకు ఏమీ కాలేదు. ఫోనులోనూ గజిబిజిగా ఉంటే ఆ పేర్లు యూనికోడ్ (అన్ని పరికరాలకూ ఉమ్మడి అయిన అక్షర పద్ధతి) రాకముందు వాడిన ఫాంట్లలో టైపు చేసినవై ఉండవచ్చు; వాటిని యూనికోడ్‌లో తిరిగి రాయాలి. శ్రమే, కానీ చేయదగిన శ్రమ.

2012లో లాజిటెక్ స్క్వీజ్‌బాక్స్ తయారీ ఆపేసింది, 2024లో వాటికి తోడుగా నడిపిన ఆన్‌లైన్ సేవనూ మూసేసింది. దానితో ఆ ప్లేయర్ల పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. పైన చెప్పిన లిరియన్ అనే ఇంటి సర్వరు సాఫ్ట్‌వేరు మాత్రం ఉచితంగా, అందరికీ తెరిచిన రూపంలో నేటికీ అందుతోంది. పాత ల్యాప్‌టాప్‌లో అది వేసుకుంటే ఆ ప్లేయర్లు ఇప్పటికీ పాడతాయి.

ఇంటర్నెట్ సంస్థలకు మీ పత్రిక ద్వారా నా విజ్ఞప్తి ఒకటుంది. పెట్టె మార్చేటప్పుడు అందులో ఏ సెట్టింగులు మారాయో ఇంటివారికి చెప్పాలి, రూటరు అడ్మిన్ పాస్‌వర్డ్ వారి చేతికి ఇవ్వాలి. మా ఇంటి పెట్టెకు అది ఇవ్వడం కుదరదని సంస్థ మనిషి చెప్పినందువల్ల, మేము చేసుకోగలిగిన చిన్న మార్పు కోసం కూడా అతని రాక కోసం ఎదురుచూడవలసి వస్తోంది. ఆ వివరాల కాగితం ఒడియాతో పాటు తెలుగులోనూ ఉంటే మా పెద్దవారు ఎవరినీ బతిమాలకుండా చదువుకుంటారు. మీరు కూడా మీ సాంకేతిక పుటలో కొత్త ఫోన్ల ధరలకు ఇచ్చే చోటులో కొంత ఇటువంటి ఇంటి మరమ్మతులకు కేటాయించాలని, సరిహద్దు జిల్లాల సంచికలో దానిని తప్పక వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా