కంటి గది నుంచి ల్యాబ్‌కి ఒక చీటీ: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,

నమస్కారం. ప్రభుత్వాసుపత్రుల్లో ఆప్తాల్మిక్ ఆఫీసర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. కొత్త భవనమో, కొత్త పథకమో అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. కంట్లో కొన్ని లక్షణాలు కనిపించిన మనిషికి అదే రోజు, అదే ఆసుపత్రిలో సీబీపీ (రక్తకణాలన్నిటినీ లెక్కించే రక్త పరీక్ష) చేయించాలని ఒక సర్క్యులర్ ఇప్పించండి. ఆ లక్షణాల వెనక, అరుదుగానే అయినా, బ్లడ్ క్యాన్సర్ ఉండే అవకాశం ఉంది.

అరుదు అన్న మాట ఊరికే వాడలేదు. కన్ను ఎర్రబడితే క్యాన్సరే అని భయపెట్టే వీడియోలు ఇప్పటికే ఫోన్లలో బోలెడు తిరుగుతున్నాయి. గట్టిగా దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా తెల్లగుడ్డు మీద రక్తం చిమ్మినట్టు ఎర్ర మచ్చ వస్తుంది. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది గానీ ఒకటి రెండు వారాల్లో దానంతటదే పోతుంది. అదే మచ్చ ఏ కారణం లేకుండా మళ్లీ మళ్లీ వస్తుంటే, దానికి తోడు చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు, వదలని జ్వరం ఉంటే కథ వేరు. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల సంగతి ఇవాళ ప్రతి ఇంటికీ తెలుసు. అవి పడిపోవడానికి డెంగీ ఒక కారణం మాత్రమే. లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌లో పనికిరాని కణాలు రక్తం తయారయ్యే ఎముక మూలుగను ఆక్రమించడం వల్ల కూడా పడిపోతాయి. అందుకే జనాన్ని భయపెట్టే పోస్టర్లు వేయించమని అడగడం లేదు. తెలుసుకోవలసింది కంటి గదిలో కూర్చున్న మా వాళ్లు.

అసలు ఆనవాళ్లు చాలావరకు కంటి లోపలే ఉంటాయి. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక కంటి వెనక తెర, అంటే రెటీనా చూస్తే రక్తనాళాలు నేరుగా కనిపిస్తాయి. లుకేమియాలో అక్కడ చిన్న చిన్న రక్తపు మరకలు, కొన్నిటికి మధ్యలో తెల్ల చుక్క (రాత్ స్పాట్స్ అంటారు), దూదిపింజల్లాంటి మచ్చలు, వంకర తిరిగి ఉబ్బిన సిరలు కనిపించవచ్చు. తెల్ల రక్తకణాలు మామూలుగా మైక్రోలీటరుకు నాలుగు వేల నుంచి 11 వేల దాకా ఉంటాయి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రకంలో లక్ష దాటడం వింతేమీ కాదు. రక్తం అంత చిక్కబడితే చూపు మసకబారవచ్చు. ఆ మనిషి అద్దాల నంబర్ మారిందనుకుని కళ్లజోళ్ల షాపుకు వెళ్తాడు. ఈ జబ్బుకు ఇమాటినిబ్ మాత్ర వచ్చి 20 ఏళ్లు దాటింది. రోజూ మాత్ర వేసుకుంటూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు ఎందరో ఉన్నారు. కాబట్టి ముందే దొరికితే లాభం ఏమిటన్న ప్రశ్నే రాదు.

మన రాష్ట్రంలో ఇంకో చిక్కుంది. రెటీనాలో రక్తం కనబడగానే అందరికీ ముందు తట్టేది షుగర్, ఆ తర్వాత బీపీ. చాలామంది విషయంలో అది నిజమే అవుతుంది కూడా. మరి షుగర్ లేదు, బీపీ లేదు, అయినా రెండు కళ్లలోనూ రక్తపు మరకలున్నాయంటే? అప్పుడు "రెటీనా స్పెషలిస్టుకు చూపించుకోండి" అని రాసి పంపించేస్తాం. ఆ స్పెషలిస్టు హైదరాబాద్‌లో ఉంటాడు. పేషెంటు పత్తి తీతలు అయ్యాకో, జీతం పడ్డాకో బయల్దేరతాడు. ల్యాబ్ మాత్రం అదే కారిడార్ చివర ఉంటుంది.

ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల పథకం కంటి వెలుగు గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలై, 2023లో రెండో విడత జరిగింది. ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్ష చేయించుకున్నారు. పార్టీల సంగతి పక్కన పెడితే అది మంచి పనే అని నా అభిప్రాయం. అయితే ఆ శిబిరాల దృష్టి ఎక్కువగా కళ్లజోళ్లు, శుక్లాల మీదే. అద్దాలు పెట్టినా చూపు మెరుగుపడనివాళ్లను పక్కకు తీసి రెటీనా చూడడం, అందులో తేడా ఉంటే రక్తం తీయడం అన్న మెట్టు లేదు. మళ్లీ ఎప్పుడైనా అలాంటి శిబిరాలు పెడితే ఆ మెట్టు చేర్చండి.

కన్ను చెప్పే ఇంకో సంగతికి పరికరాలు కూడా అక్కర్లేదు. కింది రెప్ప లాగి చూసి రక్తం తక్కువుందో లేదో చెప్పడం ఆశా కార్యకర్తలకు వెన్నతో పెట్టిన విద్య. పాలిపోయి ఉంటే ఐరన్ మాత్రలు ఇస్తారు, మంచిదే. కానీ నెలల తరబడి మాత్రలు వేసుకున్నా రెప్ప ఎర్రబడకపోతే మళ్లీ అవే మాత్రలు చేతిలో పెట్టడంలో అర్థం లేదు. అలాంటివాళ్లకు హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, మొత్తం సీబీపీ చేయాలి.

పిల్లల విషయంలో నాకు ఎక్కువ టెన్షన్. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లల్లో కొందరికి కన్ను ఎర్రబడి, నల్లగుడ్డు వెనక చీములాంటి పొర పేరుకుంటుంది. చూసినవాళ్లు ఇన్‌ఫెక్షనో, వాపో అనుకుని స్టెరాయిడ్ ఇస్తారు. కన్ను తేటపడుతుంది, అందరూ సంతోషిస్తారు. గమ్మత్తేమిటంటే ఆ స్టెరాయిడ్లే ఈ లుకేమియా చికిత్సలోనూ ముఖ్యమైన మందులు. మాత్రగానో ఇంజెక్షన్‌గానో అరకొరగా పడితే జబ్బు కొన్నాళ్లు దాక్కుంటుంది, నిర్ధారణ వెనకబడుతుంది. ఊళ్లలో జ్వరానికీ నొప్పికీ డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎంత తేలిగ్గా వేసేస్తారో మీకు తెలియనిది కాదు. పసిపిల్లలకు ఒక కన్ను ముందుకు ఉబ్బి వచ్చినా అంతే. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా కంటి గూడులో గడ్డగా చేరడం వల్ల కూడా అలా జరగొచ్చు. బడులకు, అంగన్‌వాడీలకు వెళ్లి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ఆర్‌బీఎస్‌కే బృందాలకు ఈ రెండు లక్షణాలూ నేర్పించాలి.

అదే రోజు అని ఎందుకు పట్టుబడుతున్నానో కూడా చెప్పాలి. అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అని ఒకటుంది. రక్తస్రావంతో రోజుల్లోనే ప్రాణం తీయగలదు. అదే సమయంలో లుకేమియాలన్నిటిలో బాగా నయమయ్యేవాటిలో అదొకటి. విటమిన్ ఏ నుంచి తయారైన ఒక మందును అనుమానం రాగానే మొదలుపెడతారు. అలాంటి మనిషికి వచ్చే నెల రమ్మని రిఫరల్ చీటీ రాస్తే ఏమవుతుంది?

ల్యాబుల మీద భారం పెరుగుతుందని అధికారులు అనవచ్చు. తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో సీబీపీ ఇప్పటికే ఉచితంగా చేస్తున్నారు. నేను చెప్పిన లక్షణాలున్నవాళ్లు రోజూ వచ్చే ఓపీలో చాలా కొద్దిమంది. కాకపోతే మెషీన్ ఇచ్చిన అంకెలతో ఆగకుండా, తేడా ఉన్న రక్తాన్ని స్లైడు మీద పాథాలజిస్టు చూడాలి. రిపోర్టు పేషెంటు ఫోన్‌కే కాక రాసిచ్చిన కంటి గదికీ రావాలి. లేకపోతే ఎవరూ వెంటపడరు. స్లైడులో అనుమానం ఉంటే హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, నిమ్స్‌కో ముందే ఫోన్ చేసి పంపాలి. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితిని మీ ప్రభుత్వమే పది లక్షలకు పెంచింది. చికిత్సకు డబ్బు దారి ఉంది. ఆ దారి దాకా మనిషిని చేర్చడం దగ్గరే ఆగిపోతున్నాం.

రాష్ట్రమంతా ఒకేసారి కష్టమంటే మీ సంగారెడ్డి జిల్లాలోనే ఆరు నెలలు చేయించి చూడండి. కంటి గది నుంచి ల్యాబ్‌కి ఎన్ని చీటీలు రాశారు, ఎన్నిటికి అదే రోజు రక్తం తీశారు, ఎన్ని రిపోర్టులు కంటి గదికి తిరిగొచ్చాయి, ఈ మూడు లెక్కలూ రాయించండి. సిబ్బందికి శిక్షణ ఇవ్వాలంటే పిలవండి, జీతం లేకుండా వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆప్తాల్మిక్ ఆఫీసర్