మా మేనకోడలి పేరు గొడవ

ఒంగోలు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మోషే,

నీ ఉత్తరమొచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, కానీ ఇది చదివాక తిట్టుకో. ఇక్కడంతా కులాసా. నాన్నకి షుగరు తగ్గింది, స్కూటరు అమ్మేశా. అంతే. ఇక అసలు సంగతి.

ఇవాళ చర్చిలో అక్క కూతురికి ప్రతిష్ఠ ప్రార్థన. బావకేమో రెండక్షరాల పేరే కావాలి. ఫోనంతా వెతికి 'మారా' అని తేల్చాడు. బైబిల్ పేరే, స్టైలుగానూ ఉంది, స్కూల్లో ఎవరూ ఖూనీ చెయ్యరన్నాడు. అక్క సరేనంది. నేనూ బాగుందన్నా, నా తెలివి నీకు తెలుసుగా. అమ్మమ్మకి మాత్రం ఎవరం చెప్పలేదు.

పాస్టరుగారు పాపని ఎత్తుకుని పేరేంటని అడిగారు. బావ చెప్పాడు. వెనకనుంచి "ఏందీ?" అని వినబడింది. మామిడికాయల రోజు విన్నామే, అదే "ఏందీ".

మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి ముందుకొచ్చేసిందిరా! "మారా అంటే చేదు నాయనా. ఎర్రసముద్రం దాటి మూడు రోజులు నడిచినోళ్ళు నోట పెట్టలేకపోయిన నీళ్ళవి. కనిగిరి బోరునీళ్ళ పేరు పెడతారా బిడ్డకి?"

చర్చంతా గొల్లుమంది. ఆ ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన మా కనిగిరి చుట్టాలైతే మరీను. బావ ముఖం... పోనీలే పాపం.

"రూతు గ్రంథంలో కూడా ఉందిలే అమ్మా" అన్నారు పాస్టరుగారు, సర్దిచెబుదామని. అమ్మమ్మ అందుకుంది. "ఉంది. కరువొస్తే నయోమి బేత్లెహేము నుంచి మోయాబుకు వలసపోయింది. మొగుణ్ణీ ఇద్దరు కొడుకుల్నీ అక్కడి మట్టిలోనే పెట్టి తిరిగొచ్చి, నన్ను నయోమి అనొద్దు, మారా అనండి అంది." కాసేపాగి, మెల్లగా, "బేల్దారి పనికని బెంగుళూరు పోయి పెద్దోణ్ణి అక్కడ వదిలేసొచ్చిన ఏడు, నాకూ ఆ పేరే పెట్టుకోవాలనిపించింది" అంది.

ఎవరూ నవ్వలేదురా. పెద్దమామ సంగతి ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ ఆ ఫోటో కింద కూర్చుని అన్నం తిన్నాం, ఒక్కసారన్నా అడి... మళ్ళీ రాస్తాలే.

చివరికి బావే అన్నాడు, "నయోమి అనే పెట్టండి, మధురమనేగా అర్థం" అని. ప్రార్థన సగంలో పాప గుక్కపట్టింది. అమ్మమ్మ తీసుకుని ఊపుతూ, "ఏందే నీ మారాం?" అంది. నేనూ అక్కా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇంకేముంది, నవ్వాపుకోలేక నేను బయటికి పరుగు. ఇంటికొచ్చేసరికి దాని ముద్దుపేరు మారాం. పిలుస్తున్నది కూడా బావే!

బర్త్ సర్టిఫికెట్లో పేరు గడి ఖాళీగానే ఉంది. ఏడాదిలోపు రాయిస్తే ఫీజు లేదట. ఆ పని నాకు అంటగట్టారు. ఇంగ్లీషు స్పెల్లింగుకి ఇంకో గొడవ మొదలైంది.

అన్నట్టు అమ్మమ్మ నిన్నడిగింది, "నీటిలోంచి తీసినోడు ఎట్టున్నాడు?" అని. మోషే అంటే అర్థం అదేగా. గుండ్లకమ్మలోంచి నిన్ను నిజంగా తీసింది నేనేనని ఇప్పటికీ చెప్పలేదు. నిక్కరు సంగతి అసలే చెప్పలేదు.

బావ బస్సుకి టైమైంది, కింద హారను మోగిస్తున్నాడు. బ్యాగు నా దగ్గరే ఉంది. వస్తా, మిగతాది