ప్రజలే దేవుళ్లనే మంత్రి గారికి ఓ తండ్రి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి మీకు చెప్పేదేముంది! ప్రతిపక్షంలో ఉండగా, మా పిల్లల తరఫున ప్రభుత్వం కాలేజీలకు కట్టాల్సిన ఈ ఫీజు బకాయిల మీదే కలెక్టరేట్ ముందు ధర్నా చేశారు. వెనక వరసలో నేనూ కూర్చున్నాను.

మా అమ్మాయి బీటెక్ పాసై ఉద్యోగం తెచ్చుకుంది. కంపెనీవాళ్లు ఒరిజినల్స్ అడిగారు. కాలేజీకి వెళితే అకౌంట్స్ కౌంటర్లో ఆయన తలెత్తకుండానే "నో డ్యూస్ లేనిదే టీసీ, మెమోలు ఇవ్వం. ముందు మీరు కట్టండి, గవర్నమెంటు వేశాక వెనక్కిస్తాం" అన్నాడు. ఆన్‌లైన్లో చూస్తే శాంక్షన్ అయినట్టే ఉంది. బిల్లు ట్రెజరీకి వెళ్లిందట, టోకెన్ కూడా పడిందట. డబ్బే పడలేదు. కాలేజీ వాళ్లేమో లెక్చరర్లకే జీతాలివ్వలేకపోతున్నామంటారు, సంక్షేమ శాఖ వాళ్లు బడ్జెట్ రిలీజ్ కాలేదంటారు. మీ పేషీలో ఇచ్చిన అర్జీలు ఏమయ్యాయో మీకే తెలియాలి. చివరికి మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి కట్టాం. ఉచిత చదువుకి నెలనెలా వడ్డీ కడుతున్నానండీ!

1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు, 2004లో వైఎస్ ఉచిత కరెంటు మీద తొలి సంతకం పెట్టినప్పుడు ముక్కు విరిచినవాళ్లున్నారు. నేను వాళ్ల జట్టు కాదు, ఆ బియ్యం తిని పెరిగినవాణ్ణే. అప్పుడు బియ్యం సంచిలో పడేవి. 2014 రుణమాఫీకి వచ్చేసరికి రెండు రాష్ట్రాల్లోనూ విడతలు మొదలయ్యాయి, వచ్చింది వడ్డీకే చాలలేదని రైతులు మొత్తుకున్నారు. మీ హయాంలో ప్రకటన వస్తుంది, ఫ్లెక్సీకి పాలాభిషేకం జరుగుతుంది, అంతే. పాత బకాయి తీరిస్తే ఎవరూ ఫ్లెక్సీ కట్టరు మరి, అందుకే వారానికో కొత్త పథకం.

పైగా మొన్న బకాయిలు అడిగిన పిల్లల్ని ప్రజా వ్యతిరేకులన్నారు. మీకు ఓటేసిన రోజు మేమూ ప్రజలమే కదా, అడిగిన రోజు ఎలా కాకుండా పోయాం? జనం మొత్తం మీ వెంటే అని మైకులో అంటుంటారు. ఆ జనంలోంచి మమ్మల్ని తీసేసే హక్కు మీకెవరిచ్చారు?

దయచేసి బకాయిలు విడుదల చేయండి. అది కుదరకపోతే సర్టిఫికెట్లు ఆపొద్దని కాలేజీలకు గట్టిగా చెప్పండి. అదీ కాదంటే, ఏ నెలలో వేస్తారో ఆ మాటైనా చెప్పండి, గాజులు వేలానికి రాకముందే.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి