సంతకం పెట్టలేదు

ఏమే,

నీ మెసేజ్‌లకి జవాబివ్వనందుకు ముందు నాలుగు తిట్టుకో, తర్వాత చదువు. రెండు నెలలైంది కదూ, నిజంగా సారీ. ఒంట్లో బాగానే ఉంది, పాప స్కూలు బాగానే ఉంది, ఉద్యోగం ఇంకా దొరకలేదు. మిగతా కబుర్లు తర్వాత. ఈ ఒక్కటి నీకు చెప్పకపోతే ఈ రాత్రి నిద్రపట్టేలా లేదు.

నిన్న ఫ్లాట్ అమ్మేయబోయానే! నువ్వు వచ్చినప్పుడల్లా బాల్కనీలో సింహాసనం ఎక్కి కూర్చునేదానివే, ఆ ఫ్లాటే. (సింహాసనం ఇంకా కుంటుతూనే ఉంది, పారేయలేదు.)

విడాకుల కేసులో ట్రయల్ మొదలే కాలేదు, అప్పుడే డబ్బు నీళ్లలా పోతోంది. ఫీజు, కాగితాలు, ప్రతి వాయిదాకీ ఎంతో కొంత. నగలు తాకట్టులోకి వెళ్లాయి. అన్నయ్యని ఇంకోసారి అడగడానికి నోరు రాలేదు. ఇంతలో కొనేవాళ్లు దొరికారు. ఇద్దరి పేరు మీదున్నా మీ సగం మీరు అమ్ముకోవచ్చమ్మా, అడ్వాన్స్ ఈరోజే ఇప్పిస్తా అని బ్రోకర్ ధైర్యం చెప్పాడు. అగ్రిమెంట్ టైపయిపోయింది. పెన్ను కూడా తీసుకున్నాను. ఏమనిపించిందో, ఒక్క నిమిషం అని బయటికొచ్చి మా లాయరమ్మకి ఫోన్ చేశాను.

ఆవిడ ఎంత గట్టిగా అరిచిందంటే ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నా. ఆ ఫ్లాట్ మొత్తం నా డబ్బుతో కొన్నదే అని ఆయన కోర్టులో వేసిన సంగతి మర్చిపోయావా అంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 52వ సెక్షన్ అని ఉందట, ఆస్తి మీద కేసు నడుస్తుండగా కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, రేపు వచ్చే తీర్పు కొన్నవాళ్లకీ వర్తిస్తుందట. అంటే పాపం ఆ దంపతులు కూడా మా గొడవలో ఇరుక్కునేవాళ్లు! పైగా లోన్ తీరలేదు, ఒరిజినల్ కాగితాలు బ్యాంకులోనే ఉన్నాయి. టెన్షన్‌లో అదీ తోచలేదు నాకు.

డబ్బుల్లేకపోతే నన్నేం చేయమంటారండీ అని ఏడ్చేశాను. అప్పుడు కాస్త మెత్తబడి, అమ్మడం కన్నా ముందు అడగాలి కదమ్మా అంది. హిందూ వివాహ చట్టం 1955లో 24వ సెక్షన్ ఉంది, సరిపడా సొంత ఆదాయం లేకపోతే భార్యైనా భర్తైనా కేసు ఖర్చులూ, నెలనెలా పోషణకి డబ్బూ అవతలి వాళ్ల నుంచి కోరవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉందట. పైగా 2020లో సుప్రీంకోర్టు రజనేష్, నేహా కేసులో చెప్పినట్టు ఇద్దరూ ఆస్తులూ ఆదాయాలూ అఫిడవిట్‌లో రాయాలి. 'ఇవాళ అడ్వాన్స్ పుచ్చుకుని రేపు అందులో ఏం రాస్తావు?' అంది. నా దగ్గర సమాధానం లేదు.

లోపలికెళ్లి పెన్ను తిరిగిచ్చేశాను. ఆ కొనేవాళ్లావిడ ఏమీ అనలేదు, మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నాకు సిగ్గేసింది.

ఇప్పుడు వినవే, అసలు చెప్పాలనుకున్నది ఇదే. సాయంత్రం ఉండబట్టలేక ఆయనకే మెసేజ్ పెట్టాను, ఫ్లాట్ అమ్మాలనుకున్నా, ఆగిపోయా అని. ఏడాదిలో మా మధ్య లాయర్లు లేకుండా నడిచిన మొదటి మాట అది. పది నిమిషాలకి జవాబొచ్చింది. 'నేనూ అదే అనుకుంటున్నా. లాయర్ ఫీజు కట్టాలి.'

ఆ రెండు ముక్కలు ఎన్నిసార్లు చదివానో. ఆ బాల్కనీ గ్రిల్‌కి రంగు ఇద్దరం కలిసే వేశాం, గుర్తుందా, నీ చున్నీకి అంటిందని నెల రోజులు సాధించావు. ఆ ఇంటిని అమ్మి, ఆ డబ్బుతో ఆ ఇంటి కోసమే కొట్టుకోవాలని ఇద్దరం విడివిడిగా... ఏమోలే. ఆయన మీద కోపం పోలేదు, పోదు కూడా. కానీ నిన్న రాత్రి ఆయన కోసం కూడా ఏడ్చాను, ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

పొద్దున లాయరమ్మకి చూపించాను. ఆయన నిజంగా ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి కోర్టునే అనుమతి అడగొచ్చట. అమ్మి, లోన్ తీర్చి, మిగిలింది డిపాజిట్‌లో ఉంచి, ఫీజులకి ఎవరెంత తీస్తే అంత చివర్లో వాళ్ల వాటాలోంచి తగ్గించుకునేలా. ముందు 24 పిటిషన్ మాత్రం వేయాల్సిందేనంది. ఆయన ఒప్పుకుంటాడా అని... నువ్వేమంటావు? మళ్లీ నేనే మెసేజ్ పెట్టనా, లాయర్ల ద్వారానే వెళ్లనా? నువ్వు ఆయన్నీ ఎరుగుదువు కాబట్టి అడుగుతున్నా, నన్ను వెనకేసుకు రాకుండా చెప్పు.

సింహాసనం మాత్రం నీకే, ఎవరు కొన్నా సరే. అఫిడవిట్‌కి బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇంకా సర్దలేదు, పది గంటలకల్లా ఇవ్వాలి. అయ్యో, పాప లేచింది, ఉంటా