బ్యాక్‌గ్రౌండ్ రంగు మారిస్తే అక్షరాలు పాడవుతున్నాయి

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

నమస్కారం.

మీ ఫొటో ఎడిటింగ్ యాప్‌కి నేను ఏడాది చందా కట్టాను. బ్యాక్‌గ్రౌండ్ రంగు మార్చినా అక్షరాలు చెక్కుచెదరవని మీరు ప్రకటనలో చెప్పారు కాబట్టే కట్టాను. ఆ మాట మీరు నిలబెట్టుకోలేదు.

పిల్లల కథల పోటీకి చేసిన పోస్టర్ అది. తెలుపు మీద ముదురు ఎరుపు అక్షరాలు. అసలు డిజైన్ ఫైలు మా దగ్గర లేదు, పీఎన్‌జీ బొమ్మ ఫైలు ఒక్కటే ఉంది. తెలుపు తీసేసి పసుపు పెట్టాలి, అంతే పని. మీ టూల్ ఇచ్చినదాన్ని జూమ్ చేసి చూస్తే ప్రతి అక్షరం చుట్టూ సన్నటి తెల్ల అంచు. 'ఆహ్వానం'లో సున్నా బయట పసుపు వచ్చింది, లోపల తెలుపే మిగిలింది. అన్నిటికన్నా ఘోరం, 'కథల పోటీ' కాస్తా 'కధల పోటీ' అయి కూర్చుంది. 'థ' పొట్టలోని చుక్కను మరక అనుకుని తుడిచేసినట్టుంది. పిల్లల చేత తెలుగు రాయించడానికి పెట్టిన పోటీ అది. దానికి తప్పు అక్షరంతో పోస్టర్ ఎలా అంటించమంటారు?

అడిగితే, ఇంకా ఎక్కువ రిజల్యూషన్ ఉన్న బొమ్మ అప్‌లోడ్ చేయమన్నారు. నాకు చాలా బాధ కలిగింది. అక్షరం నునుపుగా కనిపించాలని అంచు పిక్సెళ్లలో, అంటే బొమ్మలోని చిన్న చిన్న చుక్కల్లో, అక్షరం రంగూ వెనక రంగూ కలిపి ఉంచుతారు. ఇక్కడ ఎరుపూ తెలుపూ కలిసి గులాబీ రంగు పిక్సెళ్లు ఉన్నాయి. మీ టూల్ అచ్చ తెలుపును మాత్రం మార్చి వీటిని అలాగే వదిలేస్తోంది. టాలరెన్స్ (తెలుపుకి దగ్గరగా ఉన్న రంగుల్ని ఎంతవరకు తెలుపుగా లెక్కించాలో చెప్పే సెట్టింగ్) పెంచితే అంచుతో పాటు తలకట్లు, వత్తుల కొసలు కూడా కొరుక్కుపోతున్నాయి. రిజల్యూషన్ పెరిగితే ఆ అంచు సన్నబడుతుందేమో గానీ పోదు. సున్నా లోపలి తెలుపుకైతే రిజల్యూషన్‌తో సంబంధమే లేదు. బయటి నుంచి నింపుకుంటూ వచ్చే రంగు మూసుకున్న గుండ్రంలోకి వెళ్లలేదు. తెలుగులో అలాంటి గుండ్రాలు అడుగడుగునా ఉంటాయి. జేపెగ్ కుదింపు వల్ల వచ్చిన మచ్చలని అనడానికీ వీల్లేదు, నేనిచ్చింది పీఎన్‌జీ, అందులో కుదింపు వల్ల బొమ్మ చెడదు.

దీనికి దారి లేక కాదు. ఉచితంగా దొరికే గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో 'కలర్ టు ఆల్ఫా' అనే ఫిల్టర్ ఉంది. ప్రతి పిక్సెల్‌లో తెలుపు పాలు ఎంతో లెక్కగట్టి, అంత మేరకు దాన్ని పారదర్శకం చేస్తుంది. సున్నా లోపలి తెలుపు కూడా పోతుంది. తర్వాత కింద పసుపు వేస్తే అంచులు అందులో కలిసిపోతాయి. డబ్బు తీసుకునే యాప్‌లో ఈ మాత్రం లేకపోవడం అన్యాయం.

కాబట్టి ఇలాంటి పద్ధతి ఒకటి మీ యాప్‌లో పెట్టండి. అక్షరాలను మళ్లీ గీసే ఏఐ ఆప్షన్ దీనికి బదులు కాదు, వత్తు ఒక్కటి మారినా అర్థం మారిపోతుంది. మరకలు తుడిచే సెట్టింగ్ ఉంటే, మేము ఆన్ చేస్తే తప్ప అది పనిచేయకూడదు. ఇవి సరిచేసే దాకా ప్రకటనలోంచి ఆ హామీ తీసేయండి. నా చందాలో మిగిలిన నెలల డబ్బు వాపసు ఇవ్వండి.

మార్చక ముందు, మార్చిన తర్వాత బొమ్మలు రెండూ జతచేశాను. 'థ' దగ్గర గుర్తు పెట్టాను, దయచేసి తెలుగు చదవడం వచ్చినవారికి చూపించండి. వారం లోపల రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ చందాదారు