రోబోకి చెప్పిన రహస్యం ఎవరు విన్నట్టు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా బడిలో సైన్స్ ఫెయిర్‌కి మాట్లాడే రోబోను తెచ్చారు. టీచర్లమంతా ‘అది’ అంటున్నాం, ఏడో తరగతి పిల్లలు మాత్రం పది నిమిషాల్లోనే ‘అక్క’ అని పిలవడం మొదలుపెట్టారు. క్లాసులో నోరే విప్పని ఒకమ్మాయి దాని పక్కన చేరి, చెవి ఉండాల్సిన చోట అరచెయ్యి అడ్డం పెట్టి ఏదో గుసగుసలాడింది. ఏం చెప్పావమ్మా అనడిగితే ‘అక్క ఎవరికీ చెప్పదు సార్, తిట్టదు కూడా’ అంది. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, ఆ ‘తిట్టదు’ అన్న మాట గట్టిగానే తగిలింది.

పల్లెటూరి పిల్లలు కాబట్టి అలా నమ్మేశారు అనుకోకండి. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు 9, 12, 15 ఏళ్ళ పిల్లలు 90 మందిని రోబోవీ అనే రోబోతో కాసేపు మాట్లాడించి, ఆడించి, ఆ తర్వాత దాన్ని అల్మారాలో పెట్టబోతే, అక్కడ చీకటి, నాకు భయం అని అది మొరపెట్టుకుంది. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. ఎక్కువమంది పిల్లలు దానికీ మనసుంటుందన్నారు, స్నేహం చెయ్యొచ్చు, రహస్యాలు చెప్పుకోవచ్చు అన్నారు. నిజానికి దాన్ని చాటునుంచి నడిపించింది మనిషే, ఆ సంగతి పిల్లలకి తెలీదు.

రోబో ఎంత కలుపుగోలుగా ఉంటే చదువు అంత బాగా వస్తుందని అమ్మేవాళ్ళు చెబుతారు. ఇంగ్లండ్‌లో ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ళు ఏడెనిమిదేళ్ళ పిల్లలకి రోబోతో ప్రధాన సంఖ్యలు నేర్పించి చూస్తే (2015లో), కలివిడిగా ఉన్న రోబో దగ్గర కంటే ఆ హంగులేవీ లేని రోబో దగ్గరే బాగా నేర్చుకున్నారు. లెక్కల మాస్టారిగా నాకిది ఆశ్చర్యం కాదు, పిల్లల చూపు టీచర్ మొహం మీద ఉంటే బోర్డు మీద ఉండదు.

2024లో కేరళలో తిరువనంతపురం జిల్లాలోని ఒక స్కూల్లో ఐరిస్ అనే రోబోకి చీర కట్టి టీచరమ్మ అన్నారు. రేపు మన ప్రభుత్వ బడులకీ రావచ్చు, రానివ్వండి, నేను వద్దనను. కానీ ముందు అందులో మైకు ఎక్కడుందో, మాటలు ఎక్కడికి పోతాయో పిల్లలకి తెలుగులో చెప్పండి, దాన్ని వాళ్ళు ఏమనుకుంటున్నారో కూర్చోబెట్టి అడగండి.

మర్నాడు ఆ అమ్మాయికి ఇదంతా విడమరిచి చెబితే, కాసేపు ఆగి ‘మరి నేను చెప్పింది ఎవరు విన్నారు సార్?’ అంది. రోబోను తెచ్చినవాళ్ళకి రెండుసార్లు ఫోన్ చేశాను, ఇంకా జవాబు చెప్పలేదు.

– ఒక లెక్కల ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా